బావ కోసం వెతికిన వైరు

మొన్న మా కోడలు ఇంట్లోకి హోం థియేటర్ ఒకటి తెప్పించింది. డబ్బా విప్పి, అట్టముక్కలు, ప్లాస్టిక్ సంచులు గదంతా పరిచి, దాంతో వచ్చిన కాగితం చదువుకుంటూ కాసేపు కుస్తీ పట్టి, చివరికి నా దగ్గరికి వచ్చింది. "మామా, గీ ఆరెంజి రంగు సందుల ఏ వైరు పెట్టాలె? డబ్బల రాలే, మనమే కొనాలంట. ఏది మంచిదో జర మీరే చెప్పుండ్రి" అంది. మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్న కోసం కాచుకుని కూర్చునే మనిషిని నేను. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ శాఖలో వైర్లు అతికి, మహబూబాబాద్‌లోనే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాణ్ని. నా నోట వైరు అన్న మాట వచ్చిందంటే ఇంట్లో ఒక్కొక్కరికీ పనులు గుర్తొస్తాయి. ఒకరికి పొయ్యి మీది పాలు, ఇంకొకరికి దండెం మీది బట్టలు. అలాంటిది ఆ రోజు "ఏదైనా పనిచేస్తదమ్మా, పసుపు పిన్ను వైరు ఇంట్ల ఉంటే గదే పెట్టు" అని లేచి బయటికొచ్చి కూర్చున్నాను. "మామకు పానం బాగలేదా ఏంది" అని కోడలు మా అబ్బాయిని అడగడం వినిపించింది. పానం బాగానే ఉంది. ఆ ఆరెంజి సందు చూడగానే మా బావ గుర్తొచ్చాడు, అంతే.

మా బావ అంటే మా అక్క మొగుడు. అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. మా అమ్మ పొలం పనికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే కాబట్టి, ఆమె పెళ్లయి వెళ్లిపోయిన రోజు నేను పెళ్లి బండి వెనకాల ఏడుస్తూ పరుగెత్తానని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకది గుర్తులేదు గానీ, మధ్యలో బండి ఆపించి నన్ను కూడా ఎక్కించుకున్నది బావేనట. ఆయనది మొగుళ్లపల్లి. భూపాలపల్లిలో బొగ్గుబాయి పని. దిగువన పేలుళ్ల దగ్గర, డ్రిల్లు మిషన్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు చేశాడు. మనిషి ఆరడుగులవాడు, గొంతు అంతకంటే పెద్దది, నవ్వితే పక్కింటి కోళ్లు లేచిపోయేవి. బాయి ఆయన దగ్గర తీసుకున్నదల్లా చెవులే. అదీ ఒక్కసారిగా కాదు. ఏటేటా కొంచెం కొంచెం గొరిగి తీసుకుంది.

బొగ్గుబాయిలో మిషన్ తిరుగుతున్నప్పుడు నోటితో మాట్లాడి లాభం లేదట. అక్కడ మాటలన్నీ టోపీకి ఉన్న లైటుతోనే. తల పైకీ కిందికీ ఆడిస్తే సరే, కానియ్యి అని. అడ్డంగా ఆడిస్తే ఆగు అని. మా బావకు పైకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. టోపీ లేదు, లైటు లేదు, తల మాత్రం ఆడేది. ఎవరు ఏం చెప్పినా నవ్వు మొహంతో రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, "ఆఁ, సరే సరే" అనేవాడు. మొదట్లో అది పని అలవాటే. తర్వాత తర్వాత అది చెవుడు దాచుకునే అలవాటయింది. నాకు తెలిసి ఆయన ఎవరినీ "ఏందీ, మల్ల చెప్పు" అని అడగలేదు. ఆరడుగుల మనిషికి అంత నామోషీ ఎందుకో! ముందువాడి మొహం చూసి, చేతులు చూసి, ఏం చెబుతున్నాడో అంచనా కట్టి తలూపేసేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు అంచనా సరిపోయేది. ఎరువుల దుకాణంలో ఒకసారి అంచనా తప్పి, అడగని మందు డబ్బాలు నాలుగు మోసుకొచ్చాడు. అక్క తిట్టి, తనే వెళ్లి వాపసు ఇచ్చి వచ్చింది.

అక్క మాత్రం ఆయనతో మాట్లాడే పద్ధతి కనిపెట్టింది. మాట్లాడే ముందు మోచేతిని తట్టేది. ఎడమ చెవి కొంచెం నయం కాబట్టి అటువైపు నిలబడేది. చుట్టాల్లో ఒకాయన ఎగతాళిగా "చెవిటివాని ముంగట శంఖం ఊదినట్టే నీ కాపురం" అన్నప్పుడు అక్క ఊరుకోలేదు. "శంఖాలు ఊదుకుంట తిరిగెటోళ్లకు పని లేక గంతె. మా ఆయనకు ఇనవడేదాంక చెప్పే ఓపిక నాకున్నది" అంది. ఆ ఓపిక నిజమే. ఒక మాట మూడుసార్లు చెప్పడానికి ఆమె ఎన్నడూ విసుక్కోలేదు. కానీ నలుగురిలో ఉన్నప్పుడు మూడుసార్లు అరిచి చెబితే మొగుడు చిన్నబోతాడని ఒక్కసారే, మెల్లగానే చెప్పేది. ఇద్దరూ ఒకరి పరువు ఒకరు కాపాడుకున్నారు. ఆ కాపాడుకోవడంలోనే అంతా అయిపోయింది.

పాలకుర్తిలో మా తమ్ముడి కూతురి పెళ్లి జరిగింది. మండుటెండల కాలం. ఇంటి ముందర టెంటు వేస్తే దాని కింద నిప్పుల గుండంలో కూర్చున్నట్టే ఉంది. పెళ్లి పెత్తనమంతా అక్కదే. వంటవాళ్ల దగ్గర ఆమె, పసుపు కొట్టేచోట ఆమె, అలిగిన చుట్టాన్ని బతిమాలేచోట ఆమె. పెళ్లయింది, పిల్లను సాగనంపారు, అక్కాబావా మొగుళ్లపల్లి వెళ్లిపోయారు. నాలుగో రోజు పొద్దున అక్క వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు మీదే పడిపోయింది. పరకాల దవాఖానకు తీసుకుపోయేసరికే ఏమీ లేదు. గుండె అన్నారు. అక్కడి డాక్టరు బావను పక్కకు పిలిచి, చెవి దగ్గర గట్టిగా, "ముందుగాల నొప్పి అనిగాని, ఆయాసం అనిగాని ఏమన్న చెప్పిందా?" అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ ఒక్క ప్రశ్న బావకు బాగా వినిపించింది. "ఏం చెప్పలే డాక్టర్ సాబ్. ఏం చెప్పలే" అన్నాడు. ఆ తర్వాత పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ అడగకపోయినా అదే చెప్పాడు.

పెళ్లి వీడియో రెండు నెలలకు వచ్చింది. అందరి పెళ్లి వీడియోల్లాగే దాంట్లోనూ మనుషుల మాటలు తీసేసి మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు కప్పారు. అక్క ఏడాది మాసికం నాడు భోజనాలయ్యాక ఎవరో ఆ వీడియో పెట్టారు. ఆమె బొమ్మ కనిపించినప్పుడల్లా ఆడవాళ్లు ఏడుస్తున్నారు. బావ ఏడవలేదు. ఒకచోట మాత్రం కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బంతి భోజనాల దగ్గరి బొమ్మ అది. అక్క వచ్చి బావ మోచేయి తడుతుంది. కొంగుతో మూతి తుడుచుకుంటూ ఏదో చెబుతుంది. ఒక మాట కాదు, మూడు నాలుగు మాటలు. బావ నవ్వుతూ రెండుసార్లు తలూపి అవతలికి పోతాడు. అక్క పక్కనున్న కుర్చీలో కూర్చుంటుంది. కాసేపటికి బావ రెండు చేతుల్లో నాలుగు కుర్చీలు పట్టుకుని మళ్లీ కనబడతాడు. అంతే. దాని మీద ఏదో హుషారు పాట మోగుతూ ఉంటుంది.

ఆ తర్వాత మూడేళ్లకు కాబోలు, బావ ఒంటరిగా బస్సులు మారి మా ఇంటికి వచ్చాడు. చెవిటి మనిషి మొగుళ్లపల్లి నుంచి మహబూబాబాద్ దాకా ఒక్కడే రావడమేమిటని నా భార్య కంగారు పడింది. చాయ్ తాగి, గ్లాసు కిందపెట్టి, ముచ్చట మొదలుపెట్టాడు. హనుమకొండలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాడట. కుడి చెవి ఎప్పుడో పోయిందని, ఎడమ దాంట్లో కొంచెం మిగిలిందని, అది నరం అరిగిపోయిన కేసు కాబట్టి ఎప్పుడు పోతుందో చెప్పలేమని అన్నారట. మిషన్ పెడితే కీచుమని అరుస్తుందే గానీ మాట తెలియడం లేదట. "బామ్మర్ది, గా పెండ్లిల మీ అక్క నాకేందో చెప్పింది. నేను తలూపిన. ఏం చెప్పిందో నాకు ఎరుకలే. నాకు ఇంత చెవి ఉన్నప్పుడే గది ఇనాలె. టెలిఫోన్ సారువు, నీతోని అయితదా?" అన్నాడు. ఆయన జీవితంలో ఒక మనిషిని మళ్లీ చెప్పమని అడగడం అదొక్కటే. అడిగింది చచ్చిపోయిన మనిషిని.

నాతో కానిదేముంది! మర్నాడే పాలకుర్తి వెళ్లి ఆ పెళ్లి వీడియో తీసిన ఫోటో స్టూడియో ఆయన్ని పట్టుకున్నాను. పాటలు కప్పకముందు తీసింది తీసినట్టు ఉన్న వీడియో తన దగ్గర పడి ఉందని, వెతికి, భోజనాల ముక్క వరకు ఒక డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. బావ ఒక్క షరతు పెట్టాడు. "నువ్వు ముందుగాల ఇనొద్దు. మొగుడు పెండ్లాల ముచ్చట. ఫస్టు నేనే ఇంట." ఒట్టు వేయించుకున్నాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామన్నా వద్దన్నాడు, మళ్లీ ఇంకొకరి చేతిలో పడుతుందని. నా దగ్గర పాత ఆంప్లిఫయర్, నడుము ఎత్తున రెండు స్పీకర్ పెట్టెలు ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నవి. వాటినీ డిస్కు ప్లేయరునూ ట్రాలీ ఆటోలో వేసుకుని నర్సంపేట మీదుగా మొగుళ్లపల్లి చేరాను. అన్నీ బిగించి, పరీక్షకని వేరే డిస్కు పెడితే పెట్టెల్లోంచి గుయ్‌మని మోత తప్ప ఏమీ రాలేదు. ప్లేయరులో ఎరుపు తెలుపు పిన్నుల వైపు భాగం చెడిపోయింది. కొత్తది కొందామంటే ఈ రోజుల్లో ఆ ప్లేయర్లు అమ్మేవాడే లేడు. కానీ దాని వెనక ఆరెంజి రంగు సందు ఒకటి ఉంది, ఆంప్లిఫయర్‌కూ ఉంది. డిజిటల్ కోయాక్సియల్ అంటారు. ఒకే ఒక్క వైరు ఆ రెంటినీ కలిపితే చాలు, మోత లేకుండా మాట అద్దంలా వస్తుంది. "రెండు రోజులల్ల వైరు దెస్త బావా" అని చేతివేళ్లు రెండు చూపించి మరీ చెప్పాను.

ఆ రెండు రోజులు ఇరవై రెండు రోజులయ్యాయి. దానికి కారణం ఎవరో కాదు, నేనే. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నేనెరిగిన దుకాణాయన అడగ్గానే పసుపు పిన్నులున్న మామూలు వీడియో వైరు తీసి బల్ల మీద పెట్టాడు. "గిదే సార్, అందరు గిదే పెడ్తరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేనెవరో తెలిసి కూడా పసుపు పిన్ను వైరు చూపిస్తాడా అని. ఆ వైరుకు ఉండాల్సిన డెబ్బై అయిదు ఓంల కొలత అంటే ఏమిటో, తీగ పైన ఉండే జాలీ ఎన్ని పొరలుండాలో అక్కడే నిలబడి ఆయనకు పాఠం చెప్పి, వట్టి చేతులతో ఇంటికి వచ్చాను. హనుమకొండ పోతే అక్కడ చూపించినవి నా కంటికి సన్నగా కనిపించాయి. మా అక్క మాట రావాల్సిన వైరు దారప్పోగులా ఉంటే ఎట్లా?

అప్పుడిక ఇంటర్నెట్‌లో పడ్డాను. దాంట్లో వైర్ల గురించి కొట్టుకునేవాళ్ల లోకం ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఒకాయన పిన్నులకు బంగారు పూత లేకపోతే గొంతులో జీవం రాదంటాడు. ఇంకొకాయన రాగి మీద వెండి పూత ఉండాలంటాడు. మీటరున్నర కంటే తక్కువైతే సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తుందని ఒకరు, అదంతా వట్టి మాట, ఏ వైరైనా ఒకటేనని ఇంకొకరు. ఆ చివరాయన చెప్పిందే నిజం. ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేసిన నాకు లోపలెక్కడో తెలుసు. డిజిటల్‌లో వస్తే మొత్తం వస్తుంది, రాకపోతే అసలు రాదు, మధ్యలో జీవం లేకపోవడమంటూ ఉండదు. అయినా నోట్‌బుక్ పెట్టుకుని గీతలు కొట్టి ఏడు వైర్ల గుణగణాలు రాసుకున్నాను. రిటైరయ్యాక నన్ను ఒక పని కోసం వెతుక్కుంటూ వచ్చిన మనిషి బావ ఒక్కడే. ఆ పని సులువుగా అయిపోవడం నాకే ఇష్టం లేకపోయిందేమో. ఇంత వయసొచ్చాక ఒప్పుకోవడానికి సిగ్గేమిటి, అదే జరిగింది.

చివరికి చెన్నై నుంచి ఒకటి తెప్పించాను. తొమ్మిదో రోజు వచ్చింది. విప్పి చూస్తే అది కోయాక్సియల్ కాదు, వెలుతురుతో పనిచేసే నలుచదరపు పిన్ను వైరు. తప్పు పంపారు. వాపసు పంపి, మళ్లీ పంపమని పోట్లాడటానికి నాలుగు రోజులు పట్టింది. ఈ లోపు నా మేనకోడలు, అంటే అక్క కూతురు, రోజూ ఫోన్ చేసేది. ఆమె మొగుళ్లపల్లిలోనే అంగన్‌వాడీలో పని చేస్తూ తండ్రిని చూసుకుంటోంది. "మామా, బాపు రోజు అడుగుతుండు, వైరొచ్చిందా అని. ఎప్పుడొస్తవే?" అనేది. మొదటి వారం, కుక్కర్ కూత వినిపిస్తే ఇటు చూస్తున్నాడంది. రెండో వారం జ్వరం వచ్చిందని, చెవిలోంచి చీము కారిందని, ఇప్పుడు ఇంటి ముందర ట్రాక్టర్ పోతేనే తలెత్తుతున్నాడని చెప్పింది. నేనేమన్నానో చెప్పడానికి నోరు రావడం లేదు. "జర ఓపిక పట్టు బిడ్డా, మంచి వైరు వస్తున్నది" అన్నాను. ఆ మాట అన్నవాణ్ని నేను కాకపోతే బాగుండేది.

మంచి వైరు వచ్చింది. చిటికెన వేలంత లావు, పైన నల్లటి నేత గుడ్డ, పిన్నులు బంగారు రంగు, పెట్టుకోవడానికి వెల్వెట్ గుడ్డ పరిచిన పెట్టె. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరి మొగుళ్లపల్లి చేరాను. మేనకోడలు గేటు దగ్గరే ఎదురైంది. నా చేతిలోని పెట్టె వైపు చూసింది. "మొన్న శుక్రారం నుంచి ఏం ఇనవడ్తలేదు మామా. నిన్న గిన్నెలు కింద పడ్డయి, ఎన్కకు గూడ చూడలే" అని పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. బావ మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, స్పీకర్ పెట్టెల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. వైరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, మెచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

ఆ రోజు ఇంటి మీద డిష్ సరిచేయడానికి ఊళ్లో మెకానిక్ ఒకాయన వచ్చి ఉన్నాడు. నా ఈడువాడే. దిగి వచ్చి, నేను వైరు బిగిస్తుంటే వంగి చూశాడు. "దీనికోసమేనా సార్ గిన్ని రోజులు ఆగిండ్రు? మా డిష్ వైరు ముక్కకు రెండు పిన్నులు పెడితె ఇదే పని చేస్తుండె. ఇది గూడ డెబ్బయ్యయిదే, అది గూడ డెబ్బయ్యయిదే. నన్ను అడిగితె ఆ పొద్దే చేసిస్తుంటి" అన్నాడు. పాపం, ఎత్తిపొడవాలని కాదు, తెలియక అడిగాడు. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, బావ ఇంటి గోడ మీద ఆ వైరు మూరల కొద్దీ వేలాడుతోంది. మొదటి రోజు నేను దాని పక్కనే మేకుకు నా సంచి తగిలించాను. మెకానిక్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

బావ కూతుర్ని కూడా పొమ్మన్నాడు. "నువ్వు నీ పిల్లల కాడికి పో బిడ్డా. గిది మా ముచ్చట" అన్నాడు. ఆమె అంగన్‌వాడీకి వెళ్లాక తలుపు దగ్గరగా వేసి, వేరే డిస్కు పెట్టి, శబ్దం పూర్తిగా పెంచాను. కిటికీ ఊచలు అదిరాయి. బావ నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆపేశాను. ఆయన తనంతట తానే అన్నాడు. "నాకు ఇనవడది, ఎరుకే. నువ్వు పెట్టు. నువ్వు ఇని చెప్పు. నీకు ఒట్టు తీసేసిన." శబ్దం మామూలుగా తగ్గించి, పాలకుర్తి డిస్కు పెట్టాను.

అంత స్పష్టమైన ధ్వని నేను అంతకుముందు వినలేదు. గరిటె గంగాళానికి తగలడం, వంటవాడు చారు చారు అని అరవడం, ఎవరి పిల్లాడో మారాం చేయడం, అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. ఆ తర్వాత గాజుల చప్పుడు. అక్క వచ్చింది. కెమెరా వాళ్లకు రెండడుగుల దూరంలోనే ఉందేమో, ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాలుగేళ్ల తర్వాత అక్క గొంతు. "ఏమయ్యా, ఇటిను. పొద్దుగాల్నుంచి గుండెల మంట వెడుతున్నది. ఎడమ చెయ్యి గుంజుతున్నది. నన్ను జర దవాఖానకు తోల్కపో. పెండ్లి పోరికి చెప్పకు, పెండ్లి ఆగమైతది." బావ పెద్ద గొంతు, నవ్వుతూ, "ఆఁ, సరే సరే. గిప్పుడే తెస్త." ఆయన అటు పోయాక అక్క మళ్లీ అంది, చాలా మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు. "ఏం తెస్తవయ్యా…" ఆ వెంటనే కుర్చీ కిర్రుమంది. ఆమె కూర్చుంది. కూర్చుని, కొంగుతో మొహం విసురుకుంటూ, ఆయన పోయిన వైపే చూస్తోంది. నాలుగు కుర్చీలతో ఆయన తిరిగి వచ్చేదాకా చూస్తోంది. వచ్చాక నవ్వింది. మళ్లీ చెప్పలేదు.

ఆ పెళ్లిలో నేనూ ఉన్నాను. ఆ బంతిలోనే, అక్క వెనకాలే, నాలుగో ఆకు ముందు కూర్చుని తింటున్నది నేనే. బొమ్మలో నా వీపు కనిపిస్తోంది. అంత గోలలో నాకు ఒక్క ముక్క వినిపించలేదు. నాకప్పుడు చెవులు బాగానే ఉన్నాయి.

బావ నా భుజం పట్టుకుని కుదిపాడు. "ఏమన్నది?" అన్నాడు. నేను ఆలోచించానని చెప్పుకోను. చెయ్యి దానంతట అదే లేచి, ఆయన కూర్చున్న కుర్చీని చూపించింది. తర్వాత తెమ్మన్నట్టు సైగ చేసింది. నాలుగు వేళ్లు చూపించింది. "కుర్చీలా? కుర్చీలు దెమ్మన్నదా?" అన్నాడు. అవునని తలూపాను. "మరి తెచ్చిన గద" అన్నాడు. తెచ్చావని మళ్లీ తలూపాను. ఆయన టీవీ వైపు చూశాడు. బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంది, ఎవరో అక్క చేతికి మజ్జిగ గ్లాసు ఇస్తున్నారు. చాలాసేపు అలాగే చూసి, నా వైపు తిరిగాడు. ఎప్పుడూ మనుషుల మొహాలు చూసి ముచ్చట అంచనా కట్టే మనిషి. నా కళ్లు, ముక్కు, తడిసిన చొక్కా కాలరు అన్నీ తీరిగ్గా చూశాడు.

"కుర్చీల ముచ్చటకు ఏడుస్తరా బామ్మర్ది, ఎవలన్న?" అన్నాడు.

ఆయన రెండోసారి అడగలేదు. లేచి, తనే టీవీ ఆపి, పెరట్లోకి వెళ్లి గోలెం దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు. మధ్యాహ్నం ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. మాగాయ పచ్చడి నా విస్తట్లో రెండుసార్లు వేశాడు. ఆ తర్వాత మూడేళ్లు బతికాడు గానీ ఆ డిస్కు ఊసెత్తలేదు. ఒక్క మార్పు మాత్రం మేనకోడలు చెప్పింది. అంతకుముందు ఎవరొచ్చినా "ఆమె నాకేం చెప్పలే" అనే మనిషి, ఆ రోజు తర్వాత ఆ మాట ఎవరితోనూ అనలేదట.

నేను రెండు రోజుల్లోనే డిష్ వైరు ముక్క పట్టుకుని వెళ్లి ఉంటే, బావ ఆ నాలుగు మాటలూ తన చెవితోనే, భార్య గొంతుతోనే వినేవాడు. నా నిర్వాకం వల్ల ఆమె గొంతు ఆయనకు దక్కకుండా పోయింది, మాట మాత్రం నా మొహంలోంచి దక్కింది. ఆలస్యం చేసి ఆయన్ని మోసం చేశానా, కొంచెమైనా కాపాడానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తప్పో ఒప్పో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. అడగడానికి మంచి సమయం చూసుకుందామని మూడేళ్లు ఆగాను, ఆ వైరు కోసం ఆగినట్టే.